మా ఇంటి కంప్యూటర్‌కి కిటికీల్లేవు

తెనాలిలో మా నాన్న ల్యాప్‌టాప్‌కి ఎనిమిదేళ్లు. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ మాస్టారుగా రిటైరైన ఏడాది, 2017లో, చేతికి డబ్బులు రాగానే తన కోసమంటూ ఆయన కొనుక్కున్న ఒకే ఒక్క వస్తువు అది. పెన్షన్ కాగితాలు, మనవల ఫొటోలు, యూట్యూబ్‌లో ఘంటసాల పద్యాలు, అన్నం తిన్నాక కాసేపు పేకాట. అంతకుమించి దాంతో ఆయనకు పని లేదు. 2025 సెప్టెంబర్‌లో ఓ పొద్దున తెర నిండా ఓ ప్రకటన వచ్చి కూర్చుంది. అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ఆపేస్తున్నారనీ, ఈ యంత్రం విండోస్ 11కి పనికిరాదనీ దాని సారాంశం.

నాన్న దాన్ని చంకన పెట్టుకుని కంప్యూటర్ షాపుకెళ్లారు. షాపతను ఆయన దగ్గర చదువుకున్నవాడే. "మాస్టారూ, దీని పనైపోయిందండీ. నలభై వేలల్లో మంచిది ఇప్పిస్తాను, తీసుకోండి" అన్నాడట. సాయంత్రం నాకు ఫోన్.

"అమ్మాయ్, మెషిన్‌కి రోగమేం లేదు. నిన్నటిదాకా శుభ్రంగా నడిచింది. మరి పనైపోవడం ఏమిటి?"

ముప్పై ఏళ్లు పిల్లలకు కార్యకారణ సంబంధం నేర్పిన మనిషి అడిగిన ప్రశ్న అది. జవాబు మాత్రం ఫిజిక్స్‌లో లేదు. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మాత్రమే అధికారికంగా ఒప్పుకుంటుంది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలంటుంది. నాన్నది ఏడో తరం. ఒక్క తరం ముందు పుట్టిన పాపానికి తూకానికి వెళ్లాలన్నమాట. ఇంకో ఏడాదిపాటు భద్రతా సవరణలు ఇచ్చే ఏర్పాటు కూడా విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్టే పెట్టింది. పెట్టినా, ఆ తర్వాతయినా వెళ్లాల్సింది ఆ తూకానికే.

ఆ ఆదివారం తెనాలి వెళ్లాను. బ్యాగులో ఒక పెన్‌డ్రైవ్, అందులో లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టం. అమ్మ కాఫీ కలిపి తెచ్చేలోపు సగం ఎక్కింది, గ్లాసులు కడిగి బోర్లించేలోపు పూర్తయింది. ఫొటోలు, కాగితాలు ముందే వేరే డిస్కులోకి తీశాను కాబట్టి తిరిగి సర్దిపెట్టాను. మర్నాడు పొద్దున్నే నాన్న ఫోన్ చేశారు. ఏదో విరిగిందనుకుని గుండె జారింది.

"అంతా బాగుందమ్మా. పేకాటేది?"

## పోస్టులో వచ్చిన సీడీ

నేను ప్రోగ్రామర్‌ని కాను. విజయవాడలో ఇంట్లో కూర్చుని అనువాదాలు, వ్యాసాలు రాసుకునేదాన్ని. 2012 నుంచి నా బల్ల మీద లైనక్స్ తప్ప వేరే ఆపరేటింగ్ సిస్టం లేదు. ఇది చెప్పగానే ఎదుటివాళ్లు రెండిట్లో ఒకటి అనుకుంటారు: ఈవిడ హ్యాకరయినా అయ్యుండాలి, పిసినారయినా అయ్యుండాలి. రెండో దాంట్లో కొంత నిజం ఉంది.

2008లో గుంటూరులో పీజీ చదువుతుండగా హాస్టల్‌కి నా పేరిట విదేశీ కవరొకటి వచ్చింది. "ఫారిన్ నుంచి నీకెవరు పంపారే?" అని వార్డెన్ మేడం కవరు వెలుతురుకెత్తి మరీ చూశారు. లోపల ఉబుంటు అనే లైనక్స్ సీడీ. దక్షిణాఫ్రికా వ్యాపారి మార్క్ షటిల్‌వర్త్ 2004లో మొదలుపెట్టిన ఉబుంటు, అడిగినవాళ్లకు అడిగినట్టు సీడీలు ఉచితంగా పంపేది. పోస్టు ఖర్చు కూడా వాళ్లదే. 2011లో ఆపేసేదాకా మన కాలేజీ హాస్టళ్లలో ఆ సీడీలు పెళ్లి శుభలేఖల్లా తిరిగాయి. మాకంటే ముందు తరంవాళ్లకు కంప్యూటర్ పత్రికలతో పాటు వచ్చే సీడీలే దిక్కు. ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పత్రికల్లో సీడీ ఊడిపోని ప్రతి దొరికితే అదృష్టమని చెప్పేవారు.

నాలుగేళ్లు రెండు పడవల మీద కాళ్లు పెట్టాను. కంప్యూటర్ ఆన్ చేయగానే అదా, ఇదా అని అడిగేది. పని పడితే అది, ముచ్చట పడితే ఇది. అలా ఉన్నంతకాలం లైనక్స్ నాకు అసలు అలవాటే కాలేదు. చిన్న అడ్డంకి రాగానే అవతలి పడవలోకి దూకడమే కదా! 2012లో వైరస్ పట్టి విండోస్ భాగం పూర్తిగా పాడయ్యాక విసుగొచ్చి మొత్తం తుడిచేశాను. ఆ తుడవడంలో ఒక ఘోరం జరిగింది. చివర్లో చెబుతాను.

## ఓ ప్రింటర్ చేసిన పని

ఈ కథంతా కాగితం ఇరుక్కుపోయిన ఒక ప్రింటర్ దగ్గర మొదలైంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. ప్రింటర్ ఒక అంతస్తులో, పనిచేసేవాళ్లు మరో అంతస్తులో. కాగితం ఇరుక్కుంటే ఎవరికీ తెలిసేది కాదు. అంతకుముందున్న యంత్రానికైతే, కాగితం ఇరుక్కోగానే ప్రింటు కోసం ఎదురుచూస్తున్నవాళ్ల తెరల మీద కబురు వచ్చేలా రిచర్డ్ స్టాల్మన్ అనే ప్రోగ్రామర్ ప్రోగ్రాంని మార్చుకున్నాడు. కొత్తదానికి మార్చడానికి మూలరాత, అంటే సోర్స్ కోడ్, ఇవ్వలేదు. అది తన దగ్గరున్న మరో విశ్వవిద్యాలయం పరిశోధకుణ్ని వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానన్నాడు. స్టాల్మన్‌కి ఒళ్లు మండింది. 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించడానికి వెనక ఆ మంట ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. కానీ మార్చినదాన్ని పంచేటప్పుడు అదే హక్కు ఎదుటివాడికీ ఇవ్వాలి. జీపీఎల్ లైసెన్సు సారం ఇదే.

ఇంగ్లిష్‌లో 'ఫ్రీ' అంటే రెండర్థాలు. ఉచితమా, స్వేచ్ఛా అన్నది విడమరిచి చెప్పలేక స్టాల్మన్ నలభై ఏళ్లుగా గొంతు పోగొట్టుకుంటున్నాడు. మనకు ఆ తంటా లేదు. రెండింటికీ రెండు మాటలున్నాయి. హైదరాబాద్‌లో ఈ ఉద్యమం పెట్టుకున్న సంస్థ పేరే 'స్వేచ్ఛ'. ఇంతకంటే తేటగా ఏ భాషలోనూ పేరు పెట్టలేరేమో.

గ్నూ దగ్గర అన్నీ సమకూరాయి, నడిమధ్యన ఉండి యంత్రాన్ని నడపాల్సిన కర్నెల్ ఒక్కటి తప్ప. 1991 ఆగస్టు 25న ఫిన్లండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి, తానొక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని, సరదాకేనని, పెద్దదేం కాదని ప్రపంచానికి చెప్పాడు. గ్నూకి లోటైన ఆ కర్నెల్, లైనక్స్, అదే. చరిత్రలో ఇంతగా తప్పిన జోస్యాలు తక్కువ. ప్రపంచంలోని 500 అతి వేగవంతమైన సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబర్ నుంచి దాని మీదే నడుస్తున్నాయి. మన ఆండ్రాయిడ్ ఫోన్ల కడుపులో ఉన్నది అదే. 2021 ఏప్రిల్ 19న అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యుటీ హెలికాప్టర్‌ని నడిపిందీ అదే.

అయినా ఇళ్లలో మాత్రం లేదు. స్టాట్‌కౌంటర్ లెక్కల ప్రకారం ప్రపంచ డెస్క్‌టాప్‌లలో లైనక్స్ వాటా 4 శాతం దాటింది 2024 ఫిబ్రవరిలో. అదే పెద్ద వార్త! హైదరాబాద్ అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడి చూడండి. లైనక్స్ నేర్పుతామనే బోర్డు లేని మేడ ఉండదు. వేలమంది తెలుగు పిల్లలకు అన్నం పెడుతున్న విద్య అది. ఇక్కడ నేర్చి, అక్కడ డాలస్‌లో ఉద్యోగం చేస్తూ, పగలంతా సర్వర్లలో లైనక్స్‌తో కాపురం చేసి, ఇంటికొచ్చి సొంత ల్యాప్‌టాప్‌లో విండోస్ తెరిచేవాళ్లు మా బంధువుల్లోనే నలుగురున్నారు. అడిగితే, "అది ఆఫీసుకి, ఇది ఇంటికి" అంటారు. అట్లకాడను వంటింట్లో మాత్రమే వాడాలన్నంత సహజంగా.

## స్త్రీ అంటే ఆరు ముక్కలు

రోజువారీ సంగతికొస్తే, నా రోజు మీ రోజులాగే గడుస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో బ్యాంకు, మెయిలు, వాట్సాప్ వెబ్, జూమ్ సమావేశాలు. పాటలకు, సినిమాలకు వీఎల్‌సీ. రాతకోతలకు లిబ్రే ఆఫీస్. ఫొటోలకు గింప్. కరెంటు బిల్లు, రైలు టికెట్టు, ఆదాయపు పన్ను రిటర్ను, అన్నీ బ్రౌజర్‌లోనే కాబట్టి కింద ఏ సిస్టం ఉందన్నది వాటికి పట్టదు. పదేళ్ల కిందట ఇలా కాదు. 'ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే తెరవండి' అనే ప్రభుత్వ వెబ్‌సైట్ల ముందు నేను కూర్చుని తిట్టుకున్న రోజులున్నాయి. ఆ ఎక్స్‌ప్లోరర్‌నే 2022 జూన్‌లో దాన్ని కన్నవాళ్లు సాగనంపారు. లైనక్స్ వాడేవాళ్లకు జరిగిన అతిపెద్ద మేలు బయటివాళ్ల చేతుల్లోనే జరిగిందంటాను నేను: పనులన్నీ బ్రౌజర్‌లోకి వచ్చేశాయి.

కానీ నా బతుకుతెరువు తెలుగు రాయడం. అసలు పరీక్ష అక్కడ.

'స్త్రీ' అని రాస్తే మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ లోపల ఆరు ముక్కలు: స, పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, చివర ఈత్వం. ఈ ఆరింటినీ ఏరుకొచ్చి, తవత్తును కింద వేలాడదీసి, రవత్తును ముందు నుంచి చుట్టి, గుడిదీర్ఘాన్ని నెత్తిన పెట్టి ఒక్కటిగా చూపించే పని ఒక ప్రోగ్రాం చేయాలి. 2008లో నా ఉబుంటులో వత్తులు ఒక దారిన, అక్షరాలు ఒక దారిన పోయేవి. మధ్యలో చుక్కల సున్నాలు. ఈ అతుకుల పని ఇప్పుడు చేస్తున్నది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రే ఆఫీస్, ఆండ్రాయిడ్ అన్నీ దాన్నే వాడతాయి. అంటే ఈ వ్యాసాన్ని మీరు ఆండ్రాయిడ్ ఫోన్‌లో చదువుతుంటే, వత్తులు వాటి చోట కూర్చోవడానికి కారణం అదే.

డబ్బున్న కంపెనీ చేస్తే ఇంతకంటే బాగుంటుందనుకునేవాళ్లకు ఒక జ్ఞాపకం. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేక రూపంలో మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. లోకమంతా తెలుగు గురించి ఒక్క వారం మాట్లాడుకున్నది అందుకు! ఆపిల్ కొద్ది రోజుల్లోనే సవరణ పంపింది. అయితే ఆ సవరణ వాళ్లే చేయాలి, మనం ఎదురుచూడాలి. అక్కడుంది తేడా.

మన అక్షరాల కోసం చెమటోడ్చినవాళ్ల పేర్లు పెద్దగా బయటకు రాలేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు నేటికీ డెబియన్ అనే లైనక్స్ భాండాగారంలో ఉన్నాయి. రెడ్‌హ్యాట్ లోహిత్ తెలుగు ఫాంటు ఇచ్చింది. సిలికానాంధ్ర, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి తెచ్చిన ఫాంట్లలో మండలి, సూరన్న, తిమ్మన, పెద్దన, గిడుగు, గురజాడ ఎవరైనా వాడుకునే లైసెన్సుతో వచ్చాయి. తెనాలి రామకృష్ణ పేరుతోనూ ఒకటుంది. నాన్న ల్యాప్‌టాప్‌లో అదే పెట్టాను, ఊరి అభిమానం కొద్దీ. మెనూలను, సందేశాలను తెలుగు చేసినవాళ్లు స్వేచ్ఛ కార్యకర్తలు, ఇంకా ఎందరో విద్యార్థులు. ఫైలుకి దస్త్రం, ఫోల్డరుకి సంచయం అన్నారు. ఒప్పుకోవాల్సింది ఒకటుంది: ఇంత అభిమానమున్న నేనూ మెనూలు ఇంగ్లిష్‌లోనే పెట్టుకున్నాను. 'సంచయం' చూసినప్పుడల్లా నన్నయ భారతం గుర్తొస్తుంది తప్ప ఫోల్డరు గుర్తు రాదు. నాన్న మాత్రం తెలుగులోనే ఉంచమన్నారు. ఆయనకు 'దస్త్రం' రెవెన్యూ ఆఫీసు మాట, బాగా తెలిసినదే.

టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్‌లో చేస్తాను. అది సిస్టంతోనే వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్నవాళ్లకు ఐబస్‌లో ఆర్‌టీఎస్ పద్ధతి ఉంది. లేఖినిలో రాసినవాళ్లకు కొత్తగా నేర్చుకోవాల్సిందేం ఉండదు.

ఇన్ని ఉండీ, తెలుగు పుస్తకం అచ్చుకెళ్లే దారిలో లైనక్స్ ఆగిపోతుంది. మన డీటీపీ సెంటర్లు దశాబ్దాలుగా అను వంటి ఫాంట్ల మీద, విండోస్ మీద, పేజ్‌మేకర్ మీద బతికాయి. ఆ పాత ఫాంట్లు యూనికోడ్ పద్ధతిలో ఉండవు. నేను యూనికోడ్‌లో పంపింది అక్కడ మార్చుకుంటారు. మార్చినప్పుడు ఒకసారి నా అనువాదంలో 'క్ష'లన్నీ ఎగిరిపోయి, 'రక్షణ' 'రణ'మై అచ్చయ్యింది. ప్రచురణకర్త నన్నూ, నేను డీటీపీ అతన్నీ, అతను నా లైనక్స్‌నీ తిట్టాం. తప్పు ఎవరిదో ఈనాటికీ తేలలేదు కానీ, అప్పట్నుంచి ఆఖరి ప్రూఫు కాగితం మీద చూడకుండా వదలడం లేదు.

## గుమ్మం దాటితేనే చిక్కు

పదమూడేళ్ల అనుభవంలో నాకర్థమైంది ఏమిటంటే, నా ఇంట్లో నా పని చేసుకుంటున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. యంత్రం గుమ్మం దాటి మరొకరితో చేతులు కలపాల్సిన చోటే చిక్కంతా.

స్టాల్మన్‌కి శత్రువైన ప్రింటర్ నన్నూ వదల్లేదు. 2013లో ఒక చిన్న నలుపు తెలుపు లేజర్ ప్రింటర్ కొన్నాను. జిరాక్స్ షాపుల్లో ఎక్కువగా కనిపించే రకం. కంపెనీ ఇచ్చిన లైనక్స్ డ్రైవర్ ఒక్క కాగితం తీసి, రెండోదానికి అలిగేది. మూడు నెలలు పోరాడి, సగం ధరకు వీధి చివరి జిరాక్స్ షాపుకి అమ్మేసి, తర్వాత ప్రింట్లకు అదే షాపుకి వెళ్లి పేజీకి రెండు రూపాయలిచ్చాను. నా ప్రింటర్‌కి నేనే అద్దె కట్టినట్టు! ఇప్పుడా బాధ చాలావరకు పోయింది. ఫోన్ల నుంచి ప్రింటు తీసే రోజులొచ్చాక ప్రింటర్ కంపెనీలన్నీ ఒకే భాష మాట్లాడక తప్పలేదు. ఆ లాభం లైనక్స్‌కీ దక్కింది. రెండేళ్ల కిందట కొన్న వైఫై ప్రింటర్‌ని నా ల్యాప్‌టాప్ డ్రైవరేదీ అడక్కుండానే గుర్తుపట్టింది.

మా బావగారు చిన్న కాంట్రాక్టరు. ఒక రాత్రి పదింటికి పరుగున వచ్చారు. పన్నెండులోపు ఈ-టెండరు ఎక్కించాలి, ఆయన ల్యాప్‌టాప్ చెడిపోయింది. డిజిటల్ సంతకం టోకెన్ నా యంత్రానికి గుచ్చాం. టోకెన్‌కి లైనక్స్ డ్రైవర్ దొరికింది. కానీ సంతకం తీసుకునే వెబ్‌సైటు తాలూకు ప్రోగ్రాం విండోస్‌ని తప్ప మరొకదాన్ని గుర్తించనంది. "నీ పెంగ్విన్‌కి టెండర్లు రావా అమ్మడూ?" అంటూ లైనక్స్ గుర్తు మీద ఓ విసురు విసిరి, ఆయన బండి తీసి గవర్నర్‌పేటలో తెరిచి ఉన్న ఇంటర్నెట్ సెంటరు కోసం వెళ్లారు. పదకొండూ యాభైకి పని పూర్తయిందట. ఆ రాత్రి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి దాచకుండా చెబుతాను. మీ జీవనం ట్యాలీ మీదో, ఆటోక్యాడ్ మీదో, ఫొటోషాప్ మీదో ఆధారపడి ఉంటే పూర్తిగా లైనక్స్‌కి మారొద్దు. అవి లైనక్స్ కోసం చేసినవి కావు. వైన్ అనే ప్రోగ్రాం మీద కొన్నిటిని బతిమాలి నడిపేవాళ్లున్నారు. మార్చి నెలాఖరులో ఆడిటరు గుమ్మం ముందు నిలబడ్డప్పుడు బతిమాలుడు పనికిరాదు. మాక్రోలతో నిండిన ఆఫీసు ఎక్సెల్ ఫైళ్లు కూడా లిబ్రే ఆఫీస్‌లో తిన్నగా నడవవు. మామూలు వర్డ్ ఫైళ్లతో నాకు పేచీ రాలేదు. కాలిబ్రి ఫాంటు లేని చోట సరిగ్గా అదే కొలతలున్న కార్లిటో కూర్చుంటుంది, పేజీలు జరగవు.

అక్క కొడుకు వేసవి సెలవులకొచ్చి నా కంప్యూటర్ చూసి, "పిన్నీ, దీంట్లో గేములు రావుగా" అన్నాడు. ఆ మాట ఇప్పుడు సగమే నిజం. 2018లో వాల్వ్ కంపెనీ ప్రోటాన్ తెచ్చాక విండోస్ ఆటలు వేలల్లో లైనక్స్ మీద నడుస్తున్నాయి. 2022లో వాళ్లు అమ్మకానికి పెట్టిన స్టీమ్ డెక్ అనే ఆటల యంత్రం నడిచేదే లైనక్స్ మీద. కానీ వాడు ఆడే ఆటలో మోసాన్ని పట్టే కాపలా ప్రోగ్రాం ఒకటుంది, అది లైనక్స్‌ని లోపలికి రానివ్వదు. సెలవులు పూర్తికాకుండానే వాడు ఇంటికెళ్లిపోయాడు. కారణం మామిడిపళ్లు అయిపోవడమే అని అక్క చెప్పింది, నేను నమ్మలేదు.

ఇక టెర్మినల్. నల్ల తెర, అందులో ఆదేశాలు. లైనక్స్ అనగానే అందరికీ వచ్చే భయం అదే. నాన్న ఇప్పటికి దాన్ని ఒక్కసారీ తెరవలేదు, అవసరం పడలేదు. నేను తెరిచాను, పడింది. ఒకసారి అప్‌డేట్ తర్వాత శబ్దం మూగబోతే రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. అయితే ఎవరో, ఎక్కడో, అదే బాధపడి, దాని మందు రాసిపెట్టి ఉన్నారు. పదమూడేళ్లలో నేను పడ్డ ఏ బాధా ప్రపంచంలో నాకొక్కదానికే వచ్చింది కాదు.

## అర సెకను అనుమానం

2024 జులై 19. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఆ ఫొటో ఊరూరా తిరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో ఆ రోజు ప్రపంచంలో 85 లక్షల విండోస్ యంత్రాలు పడకేశాయి. లైనక్స్ వాడేవాళ్లం చంకలు గుద్దుకున్నాం. గుద్దుకోవాల్సింది కాదు. అదే సంస్థ సాఫ్ట్‌వేర్ కొన్ని నెలల ముందు కొన్ని డెబియన్ సర్వర్లనూ పడగొట్టింది. పైగా అదే ఏడాది మార్చిలో మా ఇంటికే నిప్పంటుకోబోయింది.

ఆ కథ తెలిసినవాళ్లు తక్కువ. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించే ఒక చిన్న పనిముట్టు ఉంది. దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి చూసుకుంటున్నది ఒకే ఒక్క మనిషి, జీతం లేకుండా, తీరిక దొరికినప్పుడు. అలసిపోయి ఉన్న ఆ మనిషి దగ్గరకు జియా టాన్ అనే పేరుతో ఎవరో వచ్చారు. రెండేళ్లపాటు బుద్ధిగా పనిచేశారు, నమ్మకం సంపాదించారు, తాళంచెవి చేతికి తెచ్చుకున్నారు. ఆ తర్వాత అందులో దొంగ దారి పెట్టారు. అది మామూలు విడుదలల్లోకి చేరితే లోకంలోని లెక్కలేనన్ని సర్వర్లలోకి వాళ్లు ఎప్పుడంటే అప్పుడు దూరేవారు.

పట్టుకున్నది ఏ నిఘా సంస్థా కాదు. ఆండ్రెస్ ఫ్రాయండ్ అనే ఇంజినీరు తన డేటాబేస్ వేగాన్ని కొలుచుకుంటుంటే, సర్వర్‌లోకి లాగిన్ అవడానికి మామూలు కన్నా అర సెకను ఎక్కువ పట్టింది. అర సెకను! ఎందుకని తవ్వాడు. 2024 మార్చి 29న బయటపెట్టాడు. ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో కావడం విధి ఆడిన పరాచికం.

మూలరాత అందరికీ తెరిచి ఉంది కాబట్టే తవ్వగలిగాడన్నది నిజం. అందరికీ తెరిచి ఉన్నా, దాన్ని కనిపెట్టి చూసుకునేవాళ్లు దాదాపు లేరన్నదీ అంతే నిజం. వాడుకునే కోట్లమంది లెక్కల్లో ఉంటారు, చూసుకునేవాడు ఒంటరిగా ఉంటాడు. ఊరుమ్మడి చెరువుకి పూడిక ఎవరు తీయాలన్న తగువు మన పల్లెలకు కొత్త కాదు. లైనక్స్‌లో నాకు నిజంగా దిగులు పుట్టించేది ప్రింటరూ కాదు, గేములూ కాదు, ఇదొక్కటే. అందుకే విండోస్‌కీ ఆఫీసుకీ పెట్టాల్సిన డబ్బులో కొంత, ఏటా సంక్రాంతికి, నేను వాడే రెండు ప్రాజెక్టులకు పంపుతాను. ఇందాక పిసినారినని ఒప్పుకున్నాను కదా, ఆ పద్దు కొట్టేయడానికి.

## కేరళ చేసింది, మ్యూనిక్ మానేసింది

ప్రభుత్వాలు ఈ దారి పట్టిన కథలు రెండు రకాలుగా ముగిశాయి. కేరళ బడుల్లో కంప్యూటర్ పాఠమంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే సాగుతోంది. రెండు లక్షల యంత్రాలకు ఈ పద్ధతితో 3,000 కోట్ల రూపాయలు మిగిలాయని అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్ 2019లో లెక్క చెప్పింది. డబ్బు కన్నా ముఖ్యమైన పని వాళ్లు ముందే చేసుకున్నారు: టీచర్లకు శిక్షణ ఇచ్చారు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లైనక్స్ వైపు మొగ్గితే, ఆపించడానికి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ సెలవుల మధ్యలోంచి లేచి మేయర్ దగ్గరికి పరుగెత్తాడు. నగరం లొంగలేదు, 15,000 కంప్యూటర్ల దాకా మార్చింది. తీరా 2017లో కొత్త నాయకత్వం మళ్లీ విండోస్‌కే ఓటేసింది. అదే జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 30,000 ప్రభుత్వ కంప్యూటర్లను మారుస్తామని 2024లో ప్రకటించింది. మన దేశంలో సీ-డాక్ 2007 నుంచి బాస్ లైనక్స్ అందిస్తోంది. రక్షణ శాఖ 2023లో ఉబుంటు ఆధారంగా మాయ అనే సిస్టం చేయించుకుంది. తెలుగు రాష్ట్రాల బడుల కంప్యూటర్ గదుల్లో కేరళ చేసిన పని చేయడానికి అడ్డేముందో నాకు తెలియదు. సాంకేతికంగా అయితే ఏమీ లేదు.

## మీకూ చూడాలనిపిస్తే

మూడు పేర్లు గుర్తుంటే చాలు. 1993లో పుట్టిన డెబియన్ తాత, ఉబుంటు దాని పిల్ల, మింట్ మనవరాలు. విండోస్ అలవాటున్నవాళ్లకు మింట్ దగ్గరగా ఉంటుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు, హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే ఇంకా మంచిది. ఆ ఖర్చుకి వచ్చే వేగం చూసి మీరే ఆశ్చర్యపోతారు. ఇంటర్నెట్ నుంచి మింట్ దింపుకుని, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దాంతోనే కంప్యూటర్ ఆన్ చేస్తే, ఏదీ చెరపకుండా వాడి చూడొచ్చు. వైఫై అందుతోందా, శబ్దం వస్తోందా, ప్రింటర్ కనబడుతోందా? ఒక వారం అలా చూడండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేయండి, మీ విండోస్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

నాన్నకు పేకాట పెట్టిచ్చాను. ఐస్లేరియట్ అని, ఒక్క మీట నొక్కితే వచ్చింది. అందులో ఎనభైకి పైగా రకాలున్నాయని తెలిసి ఆయన రోజుకొకటి చొప్పున ఆడుతున్నారు. షాపతను కూడా మొన్న ఇంటికొచ్చి చూసి వెళ్లాడట.

ఇక ఆ ఘోరం సంగతి. 2012లో విండోస్ తుడిచేసిన రాత్రి, మొత్తం డిస్కు చెరపమంటారా అని సిస్టం మర్యాదగా అడిగింది. చదవకుండా అవునని నొక్కాను. పక్క భాగంలో అక్క పెళ్లి ఫొటోలున్నాయి, నాలుగు వందల పైచిలుకు, మరో ప్రతి లేకుండా. తప్పు లైనక్స్‌ది కాదు, విండోస్‌దీ కాదు, పూర్తిగా నాది. అక్క ఇప్పటికీ ప్రతి పెళ్లిరోజుకీ ఫోన్ చేసి మరీ గుర్తు చేస్తుంది. మీరు ఏ సిస్టం వాడినా సరే, ఈ ఆదివారం కూర్చుని ఫొటోలూ కాగితాలూ వేరే డిస్కులోకి ఒక ప్రతి తీసిపెట్టుకోండి. పెన్‌డ్రైవ్ సంగతి ఆ తర్వాత చూద్దాం.